సముద్రం పక్క టెర్రస్ మీద కేబుల్ టైలు ఆగట్లేదు, ఏవి కొనాలి?

సాగర్‌నగర్_టెర్రస్:

నమస్తే అండీ అందరికీ. మాది విశాఖలో సాగర్ నగర్, బీచ్ రోడ్డుకి బాగా దగ్గర, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఈ ఏడాది అసోసియేషన్ పనులు నా నెత్తిన పడ్డాయి. టెర్రస్ మీద సీసీటీవీ కేబుళ్ళు, ఇంటర్నెట్ వాళ్ళ ఫైబరు, డిష్ వైర్లు, ఇవి చాలవన్నట్టు పై ఫ్లాట్ వాళ్ళు మొక్కలకి వేసుకున్న గ్రీన్ నెట్టు, మొత్తం అన్నీ కేబుల్ టైల (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు) మీదే వేలాడుతున్నాయి. కెమెరాలు పెట్టినోళ్ళు తెల్ల టైలు వేసి పోయారు, ఒక్క ఎండాకాలం తిరిగేసరికి వేలితో అలా అంటే చాలు బిస్కెట్టులా విరిగిపోతున్నాయి, వానొస్తే ఆ ముక్కలన్నీ కొట్టుకొచ్చి డ్రైన్ జాలీలో అడ్డం పడుతున్నాయి.

సరే అని అవి పీకించి నల్లవి వేయించాం, నల్లవైతే ఎండకి ఆగుతాయి అన్నారు కదా అని. నయమే గానీ ఒక విచిత్రం చూశాను. పీవీసీ పైపుకి కట్టినవి ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి, జీఐ ఇనుప పైపుకి కట్టినవి మాత్రం పుటుక్కుమని తెగిపోతున్నాయి, అదీ లాక్ దగ్గర కాదు, పైపుకి ఆనుకున్న వంపు దగ్గర. ఒకే ప్యాకెట్టు, ఒకే రోజు కట్టించినవి, ఎండ రెండింటికీ ఒకటే. ఎలక్ట్రీషియన్ని అడిగితే "అవి అంతే సార్, ఏటా మార్చుకోవాలి" అని తేల్చేశాడు. ఏటా ఐదో అంతస్తు పిట్టగోడ ఎక్కి ఎవరు మారుస్తారు?

స్టీలువి వేసెయ్యమంటారా? లేకపోతే నల్లవాటిలోనే మంచివి ఉంటాయా? కొనేటప్పుడు ఏం చూడాలి? తెలిసినవాళ్ళు చెప్పగలరు.


వైరింగ్_గాజువాక:

సార్, తెల్లవి అసలు బయట వెయ్యకూడదు, అవి ప్యానెల్ బోర్డు లోపల వాడుకునేవి. ఎండలో ఉండే యూవీ ఆ నైలాన్‌ని పైనుంచి తినేస్తది, ముందు రంగు పచ్చబడతది, తర్వాత పైన సన్నగా గీతలు పడతాయి, తర్వాత మీరన్నట్టే వేలు తగిలితే ముక్కలు. నల్లవాటిలో కార్బన్ బ్లాక్ అనే మసి కలుపుతారు, మంచి కంపెనీ అయితే సుమారు రెండు శాతం, అది యూవీని లోపలికి పోనివ్వకుండా తనే పీల్చేసుకుంటది. అయితే ఇక్కడే మార్కెట్లో మోసం, నల్లగా ఉన్నదల్లా కార్బన్ కాదు, ఉత్తి నల్లరంగు కలిపి కొట్టేసినవి, పాత ప్లాస్టిక్కు కరిగించి పోసినవి బోలెడు. అందుకని రంగు చూసి కొనొద్దు, ప్యాకెట్టు మీద రాత చూసి కొనండి. నైలాన్ 66 అని గానీ పీఏ66 అని గానీ ఉండాలి, దాంతోపాటు యూవీ స్టెబిలైజ్డ్ అనో వెదర్ రెసిస్టెంట్ అనో అవుట్‌డోర్ అనో ఉండాలి. ఐఈసీ 62275 అని నంబరు వేసి ఉంటే ఇంకా మంచిది, అది కేబుల్ టైలకున్న స్టాండర్డు. ఏ రాతా లేకుండా ఉత్తి సైజు మాత్రమే రాసిన కవరైతే ఎంత చవకైనా వదిలెయ్యండి.

ఇంకోటి, వెడల్పు. జనం పొడుగు చూస్తారు, వెడల్పు చూడరు. 2.5 ఎంఎం టై పట్టేది 8 కేజీలే, 3.6 అయితే 18, 4.8 అయితే 22, 7.6 అయితే 55 కేజీల దాకా. ఇది కొత్తగా ఉన్నప్పటి లెక్క, ఎండకి ఏటా తగ్గుతూ వస్తది. కెమెరా కేబులు ఒకటి కట్టడానికి 2.5 చాలు అనిపిస్తది, బరువుకైతే చాలు కూడా, కానీ ఎండ తినేది పైపొరనే కాబట్టి సన్నదాంట్లో తిన్నాక మిగిలేది ఏముంటది. బయట పనికి నేనైతే 4.8కి తక్కువ ముట్టను.

మీ జీఐ పైపు సంగతి మాత్రం నాకూ వింతే, గాజువాకలో పైపు అంచు కోసుకుపోయి తెగడం చూశాను గానీ మీరు చెప్పేది అది కాదేమో.


కొండకింద_ఇల్లు:

మాది సింహాచలం కొండ కింద. మీకు ఎండ, ఉప్పుగాలి, మాకు కోతులు. ఏ కంపెనీ టై వేసినా కోతి ముందు ఒకటే, కేబులు పట్టుకుని ఊగుతాయి. అవి టై ఎంత గట్టిదైతే అంత కసిగా లాగుతాయండీ, చివరికి మేం పైపులోంచి కేబుల్ లాగించేసుకున్నాం. మీకు కోతులు లేవు కాబట్టి అదృష్టవంతులు, కంటిన్యూ.


మోల్డింగ్_లైన్:

జీఐ పైపు ప్రశ్నకి నేను చెప్తాను, నేను చేసేది ప్లాస్టిక్ మోల్డింగ్ పనే. అది ఎండ వల్ల కాదండీ, జింకు వల్ల.

జీఐ పైపు మీద ఉండేది జింకు పూత. మీది సముద్రం పక్క, గాలిలో ఉప్పు, ఆ ఉప్పులోని క్లోరైడు, తేమ, పైపు మీది జింకు మూడూ కలిస్తే జింక్ క్లోరైడ్ తయారవుతుంది. నైలాన్ 66కి జింక్ క్లోరైడ్ అంటే అస్సలు పడదు. అదీ టై వదులుగా ఉంటే పెద్దగా ఏం కాదు, లాగి బిగించి ఉన్నప్పుడు ఆ లాగుడు ఉన్నచోట పగుళ్ళు మొదలవుతాయి. దీన్ని స్ట్రెస్ క్రాకింగ్ అంటారు. మీరు పైపుకి ఆనుకున్న వంపు దగ్గర తెగిందన్నారు చూడండి, అదే. తెగిన ముక్క ఒకటి తీసుకుని ఎండవైపు చూడండి, నల్లగా నిగనిగలాడుతూ బానే ఉంటుంది, తిప్పి పైపువైపు చూస్తే అడ్డంగా సన్న సన్న గీతలు కనిపిస్తాయి. యూవీ వల్ల పోయినది దీనికి రివర్సు, ఎండ తగిలే వైపు మసకబారి గీతలుంటాయి, నీడవైపు బాగుంటుంది. పైపు మీద తెల్లటి పొడి లాంటిది కూడా ఉంటుంది చూడండి, సున్నం అనుకుంటారు చాలామంది, అది జింకు తుప్పు.

ఇక మందు. ఒకటి, నైలాన్ 12 టైలు. ఇవి జింక్ క్లోరైడ్‌కి తట్టుకుంటాయి, ఎండకి కూడా 66 కంటే ఎక్కువ కాలం ఉంటాయి, నీళ్ళు తక్కువ పీలుస్తాయి, బలం మాత్రం 66 కంటే కొంచెం తక్కువ, రేటు బాగా ఎక్కువ, మామూలు షాపులో అడిగితే మొహం వింతగా పెడతారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. రెండు, ఉన్న నైలాన్ 66నే వాడుకోండి గానీ పైపుకి డైరెక్టుగా తగలనివ్వకండి, కట్టేచోట పాత గార్డెన్ పైపు ముక్క పొడుగ్గా చీల్చి జీఐ పైపుకి తొడిగి దాని మీద కట్టండి. నా లెక్కలో మీకు ఇదే బెస్టు, పైసా ఖర్చు లేదు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. మీ కేబుళ్ళు ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కనుంచి పోతున్నాయా? ట్యాంకు కడిగినప్పుడు బ్లీచింగ్ నీళ్ళు, టెర్రస్ పాచి పోవడానికి బాత్రూం యాసిడ్, ఇవి పడినా నైలాన్ 66 పోతుంది. కడిగే వాళ్ళకి ముందే చెప్పి ఆ పక్క మంచినీళ్ళతో ఒకసారి కొట్టించండి.


షిప్‌రిపేర్_మావయ్య:

స్టీలు గురించి అడిగారు కదా బాబూ, మేం పడవల మీద అవే వాడతాం కాబట్టి చెప్తున్నా. స్టీలు టై అంటే ఎండకి ఏమీ కాదు, వేడికి ఏమీ కాదు, కానీ స్టీలులో గ్రేడు చూడాలి. షాపుల్లో ఎక్కువ దొరికేది 304. లోపలి ఊళ్ళకైతే బంగారంలా ఉంటది, సముద్రం పక్కన పెట్టారంటే కొన్నాళ్ళకే టీ మరకల్లా గోధుమరంగు పడతది, తర్వాత చిన్న చిన్న గుంటలు. 316 తీసుకోండి, దానిలో మాలిబ్డినం రెండు మూడు శాతం ఉంటది, ఉప్పుకి అదే ఆగుతుంది. అయస్కాంతం పెట్టి చూసి 316 అని చెప్పే షాపువాడిని నమ్మకండి, 304కీ 316కీ రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు, 202 అని ఇంకా చవక రకం ఉంది దానికీ అంతే. టై మీదే గ్రేడు గుద్ది ఉంటది, అది చూడండి.

అలాగని అన్నిటికీ స్టీలు వేసెయ్యొద్దు. దాని అంచు కత్తి, గాలికి కేబులు కదిలినప్పుడల్లా రాసుకుని పైతొడుగు కోసేస్తది. పైన ప్లాస్టిక్ కోటింగు ఉన్నవి వస్తాయి, అవైనా తీసుకోండి, లేదా కింద రబ్బరు ముక్క వెయ్యండి. జీఐ పైపు మీద ఉత్త స్టీలు బిగించినా అది మంచిది కాదు, రెండు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనితే పైపుమీది జింకు తొందరగా పోతది. కోటింగు ఉన్నదైతే ఆ బాధ కూడా తప్పుతది. నా మాట, బరువు ఉన్నచోట, మళ్ళీ ఎక్కలేని చోట మాత్రమే స్టీలు. చేతికి అందేచోట నైలాన్ చాలు.


సాగర్‌నగర్_టెర్రస్:

అందరికీ చాలా థాంక్స్ అండీ. @మోల్డింగ్_లైన్ గారూ మీరు చెప్పినట్టే ఇప్పుడే పైకెళ్ళి తెగిన ముక్కలు ఏరి చూశాను, పైపు వైపు అడ్డంగా సన్న గీతలు నిజంగానే ఉన్నాయి, బయటివైపు కొత్తదాన్లా ఉంది. తెల్లపొడి కూడా ఉంది, నేను పెయింటర్లు చల్లిన సున్నం అనుకుంటూ వచ్చాను.

ఇంకో డౌటు. ప్యాకెట్టు మీద రాత చూడమన్నారు, రాత ఎవడైనా రాసుకోవచ్చు కదా. పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపులో మూడు రకాల నల్లవి చూపించాడు, మూడింటి మీదా నైలాన్ 66 అనే ఉంది, రేటులో సగానికి సగం తేడా. ఎలా పోల్చుకోవాలి?


వైరింగ్_గాజువాక:

షాపులో అయితే ఒకటి అడిగి తీసుకుని ఇంటికొచ్చి చూస్కోండి సార్. చిన్న ముక్క కత్తిరించి గ్లాసు నీళ్ళలో వెయ్యండి, బుడగలు అంటుకోకుండా వేలితో ముంచండి. నైలాన్ అయితే మునుగుతది, తేలిందంటే అది పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్. ఇంకో ముక్క బయట గాలిలో పట్టుకారుతో పట్టుకుని అంటించండి, నైలాన్ అయితే జుట్టు కాలిన వాసన వస్తది, మంట తీసేస్తే చాలావరకు దానంతట అదే ఆరిపోతది. పాలీప్రొపిలీన్ కొవ్వొత్తి వాసనతో కారుకుంటూ కాలుతూనే ఉంటది. పాలీప్రొపిలీన్ పనికిరాదని కాదు, దానికి బలం తక్కువ, నైలాన్ అని చెప్పి అది అంటగట్టడం తప్పు.

ఈ టెస్టుతో నైలానా కాదా తెలుస్తది గానీ లోపల కార్బన్ ఎంత కలిపారో ఇంట్లో తెలీదు, అది ఒప్పుకోవాలి. దానికి కంపెనీ డేటాషీటే దిక్కు. అందుకే కాస్త ఎక్కువైనా డేటాషీటు ఇచ్చే కంపెనీదే కొనమంటాను, పాండ్యూట్, హెల్లర్మన్ టైటన్ లాంటివాళ్ళు ఏ టై దేనితో చేశారు, ఎంత వేడికి, యూవీకి ఆగుద్దా లేదా అని రాసి పెడతారు. కెమెరాల కేబుల్ మార్చే ఖర్చు ముందు టై రేటు ఎంత చెప్పండి.

టై ఒకటి వంచి చూడటం కూడా ఉంది, మంచిదైతే రెండు చివర్లు కలిపి మడిచినా మడత తెల్లబడి ఊరుకుంటది, పాతసరుకు కరిగించి పోసినదైతే అక్కడే విరుగుద్ది. ఇది నూటికి నూరుపాళ్ళు కాదు, నా చేతి లెక్క.


మొక్కల_పిచ్చి:

నెట్టు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు ఏటండీ, అసలు డేంజర్ అదే. ఎంవీపీ కాలనీలో మా టెర్రస్ మీదా గ్రీన్ నెట్టు ఉంది. కేబులు అంటే దాని బరువు అదే మోసుకుంటది, టై ఉత్తినే పట్టుకుంటది, నెట్టు అలా కాదు, గాలొచ్చిన ప్రతిసారీ లాగి వదిలి లాగి వదిలి చేస్తది. దానికి సన్న టైలు వేస్తే ఎంత మంచి కంపెనీదైనా ముందు నెట్టు కన్నాలే చిరుగుతాయి. నేను హార్బరు వైపు వలల సామాన్లు అమ్మే షాపులో హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ తాడు తెచ్చి నెట్టు అంచు మొత్తం ఒకే తాడుతో పైపుకి చుట్టుకుంటూ పోయాను, లాగుడు ఒక్కచోట పడకుండా అంతటా పంచుకుంటది. వలల వాళ్ళు ఎండలో ఉప్పునీళ్ళలో వాడేదే కదా, మన టెర్రస్ దానికి ఒక లెక్కా.

ఇక తుఫాను సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో టెర్రస్‌ల మీది షెడ్లూ రేకులూ ఏమయ్యాయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. నెట్టుని గట్టి స్టీలు టైలతో బిగించేస్తే గాలికి నెట్టు తెగదు, టై తెగదు, పైపులతో సహా మొత్తం స్టాండు లేస్తది. అందుకని నెట్టు గట్టిగా కట్టడం కాదు, తొందరగా విప్పేలా కట్టండి. మూలల్లో జారుముడి, మధ్యలో అక్కడక్కడ నైలాన్ టైలు, వార్నింగ్ రాగానే కటింగ్ ప్లేయర్‌తో టక టక కోసేసి నెట్టు చుట్టి కింద పడేస్తాం, మా గుంటడు కూడా చేస్తాడు ఆ పని. అక్టోబర్ నవంబర్ రెండు నెలలు నేను అసలు నెట్టే వెయ్యను, ఆ టైముకి ఎండ కూడా అంత ఉండదు.


మోల్డింగ్_లైన్:

@మొక్కల_పిచ్చి గారు చెప్పింది కరెక్టు. కేబుల్ టై పుట్టిందే 1958లో, థామస్ అండ్ బెట్స్ అనే అమెరికా కంపెనీలో, విమానాల్లో వైర్లు కట్టలు కట్టడానికి. వైర్లని ఒక దగ్గర ఉంచడానికి చేసిన వస్తువు అది, ఊగే బరువు వేలాడదియ్యడానికి కాదు. మనవాళ్ళు దాంతో బైకు నంబరు ప్లేటు నుంచి పెళ్ళి పందిరి దాకా కట్టేస్తారు అది వేరే సంగతి.


పెందుర్తి_సోలార్:

ఆలస్యంగా వచ్చాను, ఈ థ్రెడ్ చూసే సోలార్ వాళ్ళకి ఒక్కమాట. 2024లో పీఎం సూర్యఘర్ (ఇళ్ళ మీద సోలార్ పెట్టించే కేంద్ర పథకం) మొదలయ్యాక మా వైపు ఇంటింటికీ ప్యానెళ్ళు పెడుతున్నారు, ప్యానెల్‌కి పాతికేళ్ళ వారంటీ ఇస్తారు, కింద కేబుళ్ళు మాత్రం నైలాన్ టైలతో స్ట్రక్చర్‌కి కట్టి పోతారు. ఆ స్ట్రక్చరూ జీఐనే, ప్యానెల్ వెనక ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం, పైన చెప్పిన జింకు గోల వేడికి ఇంకా తొందరపడుతుంది. టై తెగితే కేబులు జారి శ్లాబు మీద పడి గాలికి రాసుకుంటూ ఉంటుంది, అది డీసీ కరెంటు, తొడుగు చిరిగి ఆర్క్ (కరెంటు గాలిలో దూకి మండటం) మొదలైతే ఏసీలాగా తొందరగా ఆరదు, మంటలు అంటుకుంటాయి. ప్యానెల్ ఫ్రేముకి గుచ్చే స్టెయిన్‌లెస్ క్లిప్పులు విడిగా దొరుకుతాయి, పెట్టించేటప్పుడే అవి కావాలని పట్టుబట్టండి. మెడ వంచి కింద నుంచి చూస్తే ఒక్క నిమిషం పని, ఏడాదికి ఒకసారి చూసుకోండి.


సాగర్‌నగర్_టెర్రస్:

సరే అయితే ఇలా చేద్దామనుకుంటున్నాను. జీఐ పైపు మీద పాత హోస్ పైపు ముక్కలు తొడిగించి దాని మీద 4.8 ఎంఎం నల్లవి. లిఫ్టు రూము గోడ మీద నిచ్చెన వేస్తే తప్ప అందని చోట కోటింగు ఉన్న 316. నెట్టుకి తాడు, పై ఫ్లాట్ వాళ్ళని ఒప్పించడం నా తంటా. కెమెరాలకి వేసిన క్యాట్ 6 నెట్‌వర్క్ కేబులు బూడిదరంగుది, అదీ అవుట్‌డోర్‌ది కాదేమో అని ఇప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. కట్టేటప్పుడు ఏమైనా జాగ్రత్తలుంటే చెప్పండి, ఆదివారం మనిషిని పిలిచాను.


వైరింగ్_గాజువాక:

కేబులు మీద ప్రింటు చదవండి సార్, అవుట్‌డోర్ అనో యూవీ అనో లేకపోతే అది లోపలిదే, దాన్ని టైలు కాపాడలేవు, పీవీసీ పైపులోకి లాగించెయ్యండి, అప్పుడు టైలు పైపుకే వేస్తే సరిపోద్ది.

కట్టేటప్పుడు ప్లేయర్‌తో పట్టి లాగి బిగించనియ్యకండి, మనవాళ్ళకి అది అలవాటు. చేత్తో లాగి కేబులు కదలకుండా ఉంటే చాలు, క్యాట్ 6 అయితే టై కింద కేబులు కొంచెం అటూ ఇటూ తిరగాలి, నొక్కేస్తే లోపల వైర్ల జతలు నలిగి నెట్ స్పీడు పడిపోద్ది. లాక్ తల ఎండవైపు కాకుండా నీడవైపు, గోడవైపు వచ్చేలా తిప్పమనండి. తోక కోసేటప్పుడు ఏటవాలుగా కోస్తే అది బ్లేడు, చెయ్యి చీరుకుపోద్ది, ఫ్లష్ కట్టర్ అని చదునుగా కోసేది ఉంటది దాంతో కొయ్యాలి.

మిగిలిన టైలు ప్యాకెట్టు మూతి మడిచి జిప్ కవర్లో వేసి ఇంట్లో పెట్టండి, స్కూటర్ డిక్కీలో వద్దు. నైలాన్‌లో కొంచెం తేమ ఉంటేనే అది వంగుద్ది, ఎండి పోయిందంటే కొత్తదైనా లాగేటప్పుడే ఫట్‌మంటది. చలికాలం లంబసింగి వైపు పనికెళ్ళినప్పుడు తెల్లారుజామున అదే తంతు, టైలు చొక్కా జేబులో వెచ్చగా పెట్టుకుని వేస్తాం.


లాసన్స్‌బే_రెసిడెంట్:

316 కోటింగువి నాకూ కావాలి, ఆన్‌లైన్‌లో 100 కంటే తక్కువ ప్యాకెట్టు కనపడట్లేదు, నాకు పాతిక చాలు. @సాగర్‌నగర్_టెర్రస్ గారు మీరు తెప్పిస్తే నాకు పాతిక ఇస్తారా, వచ్చి తీసుకుంటాను.


సాగర్‌నగర్_టెర్రస్:

తప్పకుండా అండీ, మాకు కూడా యాభైకి మించి పట్టవు. 4.6 వెడల్పు, 300 పొడుగు తెప్పిస్తున్నాను, మీ పైపుకి సరిపోతుందా చూసి చెప్పండి, ఈ రాత్రికి ఆర్డర్ పెట్టేస్తాను.